ఏడాదిపాటు ఉండే పిల్లల్ని పంపండి: అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, యువజన విభాగాల బాధ్యులకు,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాకి చెందిన రిటైర్డ్ టీచర్ని. మావారి ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు ముంబై పక్కన ఠాణేలో కాపురం ఉన్నాం. ఇప్పుడు మా అబ్బాయి న్యూజెర్సీలో స్థిరపడ్డాడు కాబట్టి ఏటా కొన్ని నెలలు మీ మధ్యే ఉంటున్నాను. మీ మహాసభలకి వస్తున్నాను, మీ పిల్లల నాట్యాలు, పద్యాలు చూసి సంతోషిస్తున్నాను. ఈ లేఖలో మిమ్మల్ని అడిగేది ఒక్కటే. డిగ్రీ అయిపోయిన మన పిల్లలు, ఇరవై రెండు నుంచి ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళు, తెలుగువాళ్ళున్న ఏదో ఒక చోటికి వెళ్ళి ఏడాదిపాటు అక్కడే ఉండి పనిచేసే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టండి. పది రోజుల యాత్ర వద్దు, ఏడాది కావాలి.

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. ఠాణేలో ఉండగా అమెరికా యూదుల పిల్లలు ఇలాగే వచ్చి ఉండడం, పనిచేయడం దగ్గర్నుంచి చూశాను. అది ఎందుకు నడిచిందో, ఎక్కడ తడబడిందో కూడా చూశాను.

ఠాణేలో యూదులేమిటి అనుకుంటారేమో. బెనే ఇస్రాయెల్ అని కొంకణ తీరపు యూదులు ఉన్నారు. ఓడ మునిగి అలీబాగ్ దగ్గర నవ్‌గావ్‌లో ఒడ్డుకు చేరిన కొద్దిమంది సంతానమని వాళ్ళు చెప్పుకుంటారు. గానుగలు ఆడించి నూనె అమ్మేవాళ్ళు. యూదుల విశ్రాంతి రోజైన శనివారం గానుగ కట్టేవాళ్ళు కాదు కాబట్టి ఊళ్ళోవాళ్ళు ‘శనివార్ తేలీ’లనేవారు. ఇంటి భాష మరాఠీ. ముంబై మస్జిద్ బందర్ దగ్గర 1796లో సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, కట్టుకున్నారు, ఠాణేలో 1879లో కట్టుకున్నారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఎక్కువమంది అష్డోద్, దిమోనా, లోద్ లాంటి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఇండియాలో ఇప్పుడు యూదులంతా కలిపి కొద్ది వేలమంది. అందులో ఎక్కువమంది ముంబై, ఠాణేల్లోనే ఉన్నారు. పిల్లలు దేశం దాటిపోయిన ఇళ్ళల్లో వయసు మళ్ళినవాళ్ళు మిగిలారు. ఈ వాక్యం రాస్తుంటే మా ఊరి వీధి కళ్ళముందు కనిపిస్తోంది. మీకు మీ ఊళ్ళు కనిపిస్తాయని నాకు తెలుసు.

న్యూయార్క్‌లో ‘జాయింట్’ అని పిలుచుకునే యూదు సహాయ సంస్థ ఒకటుంది, పొట్టి పేరు జేడీసీ. 1914లో పుట్టింది. అప్పటి ఒట్టోమాన్ సామ్రాజ్యంలో అమెరికా రాయబారిగా ఉన్న హెన్రీ మోర్గెంథౌ, పాలస్తీనాలో ఆకలితో ఉన్న యూదుల కోసం 50,000 డాలర్లు కావాలని టెలిగ్రామ్ కొట్టాడు. ఆ డబ్బు సమకూర్చడంతో మొదలైన పని ఈనాటిదాకా ఆగలేదు. ఆ సంస్థ యువ విభాగం పేరు ఎన్‌ట్వైన్. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళని ఏడాదిపాటు పరాయి దేశాలకి పంపుతుంది. విమానం టికెట్టు, ఉండడానికి ఇల్లు, ఇన్సూరెన్స్, నెలనెలా ఖర్చులకి డబ్బు సంస్థే చూసుకుంటుంది. ముంబైకి అలా ఎన్నో ఏళ్ళు పిల్లలు వచ్చారు. ఇలాంటి సంస్థలు వాళ్ళకి ఇంకా ఉన్నాయి. ఠాణే పక్కనే కళ్వా బస్తీల్లో 2012లో గాబ్రియేల్ ప్రాజెక్ట్ ముంబై మొదలైంది. అక్కడి ఆడవాళ్ళే వండిన అన్నం బడి పిల్లలకి అందుతుంది, వాలంటీర్లు చదువు దగ్గర సాయం చేస్తారు. ఆ పిల్లలు యూదులు కారు.

నేను అదే ప్రాంతంలో వేరే ఒక చిన్న సాయంకాలపు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఒక సంవత్సరం మా బడికి ఫిలడెల్ఫియా నుంచి యూదు అమ్మాయి ఒకామె వచ్చింది. పేరు రాయను, అది ఆమె అనుమతి లేకుండా చేయాల్సిన పని కాదు. పెద్ద యూనివర్సిటీలో చదివింది. గ్రంథాలయం పెడదామనీ, ఇంగ్లీషు క్లాసులు పెడదామనీ లాప్‌టాప్‌లో ప్లాన్లు గీసుకుని వచ్చింది. మా బడి బాధ్యత చూసే ఆవిడ ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి, పన్నెండో తరగతి దాకా చదివింది. ఆవిడ ఆ ప్లాన్లన్నీ ఓపిగ్గా విని, "రెండు నెలలు పాఠం జోలికి వెళ్ళకమ్మా. హాజరు రాయి, రాని పిల్లల్ని ఇంటికెళ్ళి పిలుచుకురా, భాష నేర్చుకో" అంది. ఆ అమ్మాయికి చాలా బాధేసింది. ఒకరోజు లోకల్ రైల్లో నా పక్కన కూచుని, తను ఇక్కడ ఎవరికీ అక్కర్లేదేమో అంది.

మరాఠీ నేర్చుకోవడానికి ఒకటో తరగతి పిల్లల మధ్య కింద కూచునేది. ‘కళ్వా’లో ఉన్న ‘ళ’ ఆమె నోరు తిరగలేదు. పిల్లలు నాలుక మడిచి చూపించేవాళ్ళు, ఆమె అనేది, వాళ్ళు తల అడ్డంగా ఊపి మళ్ళీ చూపించేవాళ్ళు. తప్పు దిద్దే అధికారం ఆ పిల్లలకి అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. నోరు విప్పని ఒక పిల్ల, మా ఎవరి దగ్గరా మాట్లాడనిది, ఆ ‘ళ’ దగ్గర ఆమెకి టీచరైంది.

రెండు నెలలయ్యాక ఆ అమ్మాయి ఏం చేసిందో చెప్తాను, గ్రంథాలయం మాత్రం కాదు. తల్లులతో కలిసి ఆసుపత్రికి వెళ్ళేది. చీటీ రాయించుకోవడం, లైన్లో నిలబడడం, రిపోర్టు కోసం మళ్ళీ రేపు రావడం. కూలికి పోయే తల్లికి రెండు పూటలు పోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. మా సిబ్బంది ఆరేడుగురు, వందమంది పిల్లలు. మాకెవరికీ లేనిది, ఆమె దగ్గర ఉన్నది టైము. ఏడాది టైము ఉన్న మనిషికి ఎవరింట్లో ఎవరికి టీబీ మందులు మధ్యలో ఆగిపోయాయో తెలుస్తుంది. వారం ఉండేవాళ్ళకి ఫోటోలో నవ్వే పిల్లలే తెలుస్తారు.

శుక్రవారం సాయంత్రం ఆమె ఠాణేలో ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళేది. నన్నూ తీసుకెళ్ళింది. ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన రసం ఒక చిన్న గిన్నెలో, చపాతీలు, దీపాలు. ఏదైనా మొక్కు తీరినప్పుడు ‘మలీదా’ చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర కలిపి, పళ్ళు పెట్టి, ఏలియా ప్రవక్త పేరు తలుచుకుని పాట పాడతారు. మన వ్రతం పీటల దగ్గర కూచున్నట్టే అనిపించింది నాకు. ఆ ముసలావిడ కూతురు అష్డోద్‌లో ఉంది. మనవరాలికి హీబ్రూ తప్ప రాదు, అమ్మమ్మకి మరాఠీ తప్ప రాదు. వీడియో కాల్ పెట్టి మధ్యలో ఈ అమెరికా పిల్ల కూచునేది. అటు సండే స్కూల్లో నేర్చిన హీబ్రూ, ఇటు ఒకటో తరగతిలో నేర్చిన మరాఠీ. మనవరాలు "అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏం ఆడుకునేదానివి" అని అడిగింది. ఆ ప్రశ్న ఈమె నోటి మీదుగా మరాఠీలో వచ్చేసరికి ముసలావిడ లేచి వెళ్ళి పాత రేకుపెట్టె తెరిచి గవ్వలు తెచ్చి కెమెరాకి చూపించింది. మీ ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు ఫోన్లో తాతయ్యకి ‘హాయ్’ అని మీ చేతికి ఫోనిచ్చి పారిపోతున్నారో నేను చెప్పక్కర్లేదు.

ఏడాది అయ్యాక ఆమె వెళ్ళిపోయింది. ఆ ఆసుపత్రి పని మా బస్తీలోనే ఇద్దరు ఆడవాళ్ళకి అప్పటికే అలవాటు చేసింది కాబట్టి ఆగలేదు. అంతకుముందు వేరే చోట నుంచి రెండు వారాలకి వచ్చిన గుంపులు వెళ్ళాక మాత్రం, పిల్లలు గేటు దగ్గర చూసి చూసి లోపలికి వచ్చేవాళ్ళు. వాళ్ళని మళ్ళీ పుస్తకం ముందు కూచోబెట్టడానికి మాకు చాలా రోజులు పట్టేది.

నేను ఒక్క ఠాణే చూసి మాట్లాడడం లేదు. రువాండాలో అగహోజో-షాలోమ్ అనే పిల్లల ఊరు ఉంది. 1994 మారణహోమం తర్వాత ఆ దేశంలో అనాథ పిల్లలు లక్షల్లో మిగిలారు. దక్షిణాఫ్రికాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆన్ హేమన్ అనే యూదు లాయరమ్మ, హోలోకాస్ట్ తర్వాత అనాథలైన యూదు పిల్లల్ని ఇజ్రాయెల్ యువగ్రామాలు ఎలా పెంచాయో గుర్తు చేసుకుని, హైఫా దగ్గరి యెమిన్ ఓర్డె అనే ఊరిని నమూనాగా తీసుకుంది. 2008లో ర్వమగానాలో పిల్లలు వచ్చి చేరారు. ఒక్కో ఇంట్లో కొందరు పిల్లలు, వాళ్ళకి ఒక ‘మామా’. ఆ మామాల్లో చాలామంది ఆ మారణహోమంలో సొంత మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళు. విదేశాల నుంచి ఏడాదికి వచ్చే యువకులకి కూడా ఆ ఇంట్లో చోటు ఉంటుంది. వాళ్ళని ‘కజిన్’ అంటారు. తల్లి స్థానం కాదు, టీచరు స్థానం కాదు, పిన్ని కొడుకో మేనత్త కూతురో అన్నంత చనువు, అంతే అధికారం. ఎంత ఆలోచించి పెట్టారో చూడండి. ఆ ఊళ్ళో పెరిగే పిల్లలు కూడా చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి సేవ చేయాలి, తీసుకునేవాళ్ళుగా ఉండిపోకూడదని.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు, వైద్యుడు మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా చెప్పాడు. అన్నింటికన్నా పై మెట్టు, ఎదుటి మనిషి మళ్ళీ చెయ్యి చాచే అవసరం రాకుండా అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి నిలబెట్టడం. ఇది పుస్తకంలో ఉన్న మాటే అయినా ఆ రువాండా ఊరి పద్ధతిలో కనిపిస్తుంది.

నేపాల్‌లో తెవెల్ బెత్సెదెక్ అనే ఇజ్రాయెలీ సంస్థ 2007 నుంచి పనిచేసింది. సైన్యంలో సర్వీసు ముగించుకుని బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని హిమాలయాలు తిరగడానికి వచ్చే ఇజ్రాయెలీ కుర్రాళ్ళని, కొన్ని నెలలు కొండ ఊళ్ళలో ఉండి నేపాలీ సిబ్బందితో కలిసి పనిచేయమని పిలిచింది. తిరగడానికి ఎలాగూ వచ్చారు, ఉండండి అని.

భాష విషయంలో కూడా వాళ్ళకి పాత అనుభవం ఉంది. కొత్తగా వలస వచ్చినవాళ్ళకి హీబ్రూ నేర్పే ‘ఉల్పాన్’ బడి మొదటిది 1949లో జెరూసలేంలో తెరిచారు. తర్వాత కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ పల్లెల్లో సగం రోజు భాష, సగం రోజు పొలం పని అన్న పద్ధతి నడిచింది. 1967 యుద్ధం తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది యువకులు కిబ్బుట్జ్‌లకి వెళ్ళారు, యూదులు కానివాళ్ళు కూడా. పని చేసే చోటే భాష వచ్చేస్తుందిలే అని వదిలేయలేదు, దానికి గంటలు కేటాయించారు.

ఇక్కడ ఒకమాట చెప్పి ముందుకెళ్తాను. ఇజ్రాయెల్ రాజకీయాల మీద, పాలస్తీనీయుల మీద జరుగుతున్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, అవి ఆ ప్రభుత్వానికి నచ్చేవి కావు. అమెరికా యూదు యువతలోనే ఈ విషయంలో పెద్ద తగవు ఉంది. యూదు యువతని ఇజ్రాయెల్‌కి తీసుకెళ్ళే, 1999లో మొదలైన ‘బర్త్‌రైట్’ పది రోజుల ఉచిత యాత్రకి ఇప్పటిదాకా ఎనిమిది లక్షలకు పైగా యువకులు వెళ్ళారు. అందులో అవతలి వాళ్ళ గోడు వినిపించడం లేదని అడిగినవాళ్ళు ఆ యువకుల్లోనే ఉన్నారు. నేను మీ ముందు పెడుతున్నది ఆ యాత్ర కాదు. ఒక సమాజం తన పిల్లల్ని ఏడాదిపాటు ఇంకొకరి పనికి అప్పజెప్పే పద్ధతి గురించి రాస్తున్నాను.

మనవైపు ఏముంది? కేంద్ర ప్రభుత్వం ప్రవాస యువతకి ‘నో ఇండియా’ పేరుతో కొన్ని వారాల యాత్ర నడుపుతోంది, మంచిదే. మీరు డిసెంబరులో కంటి వైద్య శిబిరాలు పెడతారు, బడులకి బెంచీలు, సైకిళ్ళు ఇస్తారు. వాటివల్ల మేలు పొందినవాళ్ళని నేను ఎరుగుదును, ఆ మేలుని తక్కువ చేయను. కానీ ఆ కార్యక్రమాలకి మీ పిల్లలు వస్తే వేదిక మీద కూచుంటారు, శాలువా కప్పించుకుంటారు, సాయంత్రానికి కారెక్కుతారు. ఆ ఊళ్ళో ఒక్క మనిషి పేరు వాళ్ళకి గుర్తుండదు. అది వాళ్ళ తప్పు కాదు. మనం వాళ్ళకి ఇచ్చిన టైము అంతే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, బెనే ఎఫ్రాయిమ్ అంటారు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. అమెరికాలోని కులాను అనే చిన్న యూదు సంస్థ వీళ్ళ సంగతి తెలుసుకుని మనుషుల్ని పంపింది. వాళ్ళు కొన్నాళ్ళు అక్కడే ఉండి హీబ్రూ, ప్రార్థనలు నేర్పి వెళ్ళారు. న్యూయార్క్ నుంచి వచ్చినవాళ్ళు ఆ కూలీల వాడలో ఉండగలిగారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్ళి డాలస్‌లో, ఫ్రీమాంట్‌లో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లల్ని ఎవరైనా ఆ వాడకి పోయి నెల రోజులు ఉండమని అడిగారా? అడిగితే వెళ్ళే పిల్లలు ఉన్నారు, నాకు నమ్మకముంది. మా అబ్బాయి స్నేహితుల పిల్లలు నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, వెళ్తే ఎక్కడ ఉండాలి, ఏం చేయాలి" అని. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఒక్క చిరునామా లేదు.

ఎక్కడికి పంపాలో ఆలోచించండి. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ కోసం తిరిగే కుటుంబాలకి తోడుగా నడిచే మనిషి కావాలి. మెడిసిన్ సీటు కోసం ఎదురుచూసే పిల్లలకి అంతకన్నా మంచి బడి ఏముంటుంది? శ్రీకాకుళం మత్స్యకారులు చేపల వేటకి గుజరాత్ వెరావల్ దాకా పోతారు, వాళ్ళ పిల్లల చదువు రెండు రాష్ట్రాల మధ్య తెగిపోతుంటుంది. భివండీ, సోలాపూర్‌లలో మన పద్మశాలీలు తరాలుగా మరమగ్గాల మీద ఉన్నారు. ముంబైలో కామాటిపుర అనే పేరే మన కూలీల నుంచి వచ్చింది. ఉగాదికి దేశమంతా సెలవిచ్చే మారిషస్‌లో తెలుగు నేర్చుకోవాలని తపించే ఇళ్ళున్నాయి. మలేషియా తోటల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళున్నారు. యూదులు షికాగో నుంచి ముంబైకి పంపినట్టు, మనం న్యూజెర్సీ నుంచి మారిషస్‌కి ఎందుకు పంపకూడదు? అక్కడివాళ్ళు మనకి నేర్పేది కూడా ఉంది. నాలుగైదు తరాలు దాటినా భాషని ఎలా పట్టుకున్నారో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నాను. సొంత ఊరికి, సొంత కులం వాళ్ళు నడిపే బడికి పంపకండి. తాత పేరు మీద కట్టిన హాలుకి మనవణ్ణి పంపితే అతను అక్కడ దొరబాబుగానే ఉంటాడు. గుంటూరు పిల్ల ఆదిలాబాద్ గోండు గూడేల పక్క బడికి వెళ్ళాలి, కరీంనగర్ కుర్రాడు ఉద్దానానికి రావాలి. ఎవరూ తన ఇంటిపేరు చూసి కుర్చీ వేయని చోట ఏడాది ఉంటే తప్ప, ఆ పిల్లలకి మన సమాజం లోపలి సంగతి అర్థం కాదు.

అలాగే, పని ఏమిటో వెళ్ళే పిల్లలు నిర్ణయించకూడదు, మీరూ నిర్ణయించకూడదు. ఆ ఊరివాళ్ళు అడగాలి. వెళ్ళిన పిల్లలమీద పెత్తనం చేసే మనిషి అక్కడివారే అయి ఉండాలి, వద్దు అని చెప్పే అధికారం ఆ మనిషికి ఉండాలి. మా బడిలో పన్నెండో తరగతి చదివిన ఆవిడకి ఆ అధికారం లేకపోతే, ఫిలడెల్ఫియా అమ్మాయి ఒక గ్రంథాలయం పెట్టి వెళ్ళిపోయేది, మేం తాళం వేసుకునేవాళ్ళం. మొదటి రెండు నెలలు తెలుగు చదవడం, రాయడం రోజూ గంటల లెక్కన నేర్పాలి. ఇంట్లో ‘అన్నం తిన్నావా’ దాకా వచ్చిన తెలుగుతో రేషన్ కార్డు చదవలేరు.

ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. సొంత ఖర్చుతో రమ్మంటే డాక్టర్ల పిల్లలు, ఐటీ డైరెక్టర్ల పిల్లలే వస్తారు. గ్యాస్ స్టేషన్లో, ఇండియన్ గ్రోసరీలో షిఫ్టులు చేసే తెలుగువాళ్ళ పిల్లలు రాలేరు. మహాసభకి సినిమా తారల్ని రప్పించే ఖర్చులో కొంత తగ్గిస్తే మొదటి జట్టుకి సరిపోతుందని నా అంచనా. లెక్కలు మీ కోశాధికారులకి నాకన్నా బాగా తెలుసు.

తల్లిదండ్రుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. నేనూ తల్లినే. ఆడపిల్ల, ఒంటరిగా, ఏడాదా? చదువులో గ్యాప్ వస్తే? పెళ్ళి సంబంధాలు? ఆ ఫిలడెల్ఫియా అమ్మాయి తల్లి కూడా వారానికి రెండుసార్లు ఫోన్ చేసి ఏడ్చేది. 2008 నవంబరులో ముంబైలో యూదు కేంద్రమైన నారిమన్ హౌస్ మీద ఉగ్రవాదుల దాడి జరిగాక యూదు కుటుంబాల భయం చిన్నది కాదు. అయినా పిల్లలు వచ్చారు. ఎందుకంటే ఉండే ఇల్లు ముందే చూసి పెట్టారు, ఇద్దరిద్దరుగా ఉంచారు, రాత్రి ఏ వేళకైనా ఫోన్ ఎత్తే మనిషిని పెట్టారు. మన పిల్లల్లో చాలామందికి ఓసీఐ కార్డు ఉంది కాబట్టి ఇండియా వరకు వీసా తలనొప్పి కూడా లేదు. గ్యాప్ సంగతంటారా, డాక్టరు కాబోయే పిల్ల ఉద్దానంలో గడిపిన ఏడాదిని గ్యాప్ అనే మెడికల్ కాలేజీ నాకు తెలిసి లేదు.

మీ తర్వాతి మహాసభలో, యువజన సమావేశానికి ఒక గంట దీనికి ఇవ్వండి. ఇలాంటి కార్యక్రమం నడిపిన యూదు సంస్థల వాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు, ఒకరిని పిలిచి అడగండి. వాళ్ళు ఎక్కడ పొరపడ్డారో కూడా అడగండి, చెప్తారు. మొదటి ఏడాది ఆరుగురు చాలు, రెండు చోట్లు చాలు. ఆ ఆరుగురిని ఎంపిక చేసే కమిటీలో వాళ్ళు వెళ్ళబోయే చోటి నుంచి కనీసం ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. బయల్దేరే ముందు తెలుగు అక్షరాలు నేర్పే పని నాకు అప్పగించండి. ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంట్లో హాలు పెద్దదే, ఆరుగురికి సరిపోతుంది. వేసవిలో అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డ్ టీచర్,
విజయనగరం జిల్లా